స్కాన్ బల్ల మీద నిలవలేకపోయిన మునిరత్నం తాత

రెండువేల ఇరవైమూడు, వానాకాలం. కోలారు ఊరి బయట ఒక ఆసుపత్రిలో నేను ఎం.ఆర్.ఐ. టెక్నాలజిస్టుగా చేరి అప్పటికి రెండో ఏడు నడుస్తోంది. మాది బేతమంగళ. పొద్దున్నే బస్సెక్కి, కిటికీ పక్కన సీటు దొరికితే పుస్తకం తెరుచుకుని, దిగేదాకా తలెత్తేదాన్ని కాదు. కొత్తవాళ్ళతో మాట్లాడాలంటే నాకు గొంతు పూడుకుపోతుంది. ఈ ఉద్యోగం నచ్చడానికి అదీ ఒక కారణం. రోగి అద్దానికి అవతల ఉంటారు, నేను ఇవతల. "కదలకండి", "ఊపిరి బిగపట్టండి" అని మెషీనే రికార్డు చేసిన గొంతుతో చెప్పేస్తుంది. నేను మీటలు నొక్కితే చాలు.

ఈ మెషీన్ ఎప్పుడూ చూడనివారికి రెండు మాటలు. ఇందులో ఎక్స్‌రే కిరణాలు ఉండవు. గుండ్రటి సొరంగంలాంటి పెద్ద అయస్కాంతం, దాని లోపలికి జరిగే సన్నటి బల్ల, అంతే. అయస్కాంతం లోపలి తీగచుట్టల్లో కరెంటు మారినప్పుడల్లా అవి అదిరి పెద్ద చప్పుడు చేస్తాయి. ఒక్కో రకం బొమ్మకు ఒక్కో రకం చప్పుడు. అలా ఆగకుండా తీసే ఒక విడతను మేము సీక్వెన్స్ అంటాం. సీక్వెన్స్ నడుస్తున్నంతసేపూ రోగి కదలకూడదు. కదిలితే నీళ్ళలో పడ్డ నీడలా బొమ్మ చెదిరిపోతుంది.

మునిరత్నం తాత ఆండర్సన్‌పేట మనిషి. వాళ్ళ తాత చిత్తూరు పక్క పల్లె నుంచి బంగారు గనిలో పనికి వచ్చాడట. ఈయనా గని మూసేసేదాకా భూమి లోపలే పనిచేశాడు. ఎత్తయిన మనిషి. కూతురు కళావతి భుజం పట్టుకుని, కుడికాలు నేలకు రాసుకుంటూ మా గదిలోకి వచ్చాడు. చొక్కా గుండీలు కూతురే పెడుతోందని ఆ రోజే గమనించాను. ఆయన వేళ్ళు గుండీని పట్టుకోగలవు గానీ కాజాలోకి తోయలేవు.

సర్జన్ చీటీలో విషయం స్పష్టంగా ఉంది. మెడ దగ్గర వెన్నుపాము నలిగిపోతోంది. ఎక్కడ, ఎంత మేర అన్నది ఎం.ఆర్.ఐ.లో చూడకుండా కత్తి పెట్టలేరు. ఆలస్యమైతే కాళ్ళు పూర్తిగా పోవచ్చు. పోయిన కాళ్ళను ఆపరేషన్ తిరిగి తేలేదు.

పనిముట్ల మధ్య బతికిన మనిషి కాబట్టి ఒంట్లో ఇనుప ముక్కలేవీ లేవని ముందే ఎక్స్‌రేలో చూసుకున్నాం. బల్ల మీద పడుకోబెట్టి, మెడ చుట్టూ కాయిల్ బిగించాం. అంటే పంజరంలాంటి తొడుగు. దేహం నుంచి వచ్చే సంకేతాలను అదే పట్టుకుంటుంది. చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టాం; మా మాటలు వాటిలో వినిపిస్తాయి, మెషీన్ చప్పుడు తగ్గుతుందే గానీ ఆగదు. చేతికి రబ్బరు బుడగ ఇచ్చాం. భయమేస్తే అది నొక్కాలి, మా దగ్గర బజర్ మోగుతుంది. ఆయన తల ఊపాడు. బల్ల లోపలికి పోయింది. తాత నిశ్చింతగా పడుకున్నాడు.

మొదటి సీక్వెన్స్ మొదలై నాలుగు దెబ్బలు కూడా పడలేదు. బుడగ ఒకవైపు ఎగిరిపడింది. కాయిల్‌తో సహా కిందికి జారుతూ, మోచేతులతో నెట్టుకుంటూ, ఆయన బయటికి వచ్చేస్తున్నాడు. నేను పరుగెత్తి పట్టుకున్నాను. నలిగిన మెడతో అలా గింజుకుంటే కాళ్ళు అక్కడికక్కడే పడిపోవచ్చు.

మా సీనియర్ టెక్నాలజిస్టు శ్రీనివాస్‌ని అందరూ సీనన్న అంటారు. మంచివాడే, నోరు మాత్రం ఆగదు.

"ఏం తాతా, భూమి అడుగుదాకా పోయొచ్చినోడివి, ఈ డబ్బాకి భయపడితివా?"

తాత గుండీల వైపు చూసుకుంటూ కూర్చున్నాడు. కళావతికే కోపం వచ్చింది.

"నీకేం అన్నా, నవ్వుతావు. ఇంటికాడ కూడా ఇదే మాట. గని మనిషి ఇరుకు జాగాకి భయపడితే మా లైను ఇండ్లోళ్ళంతా నవ్వుతారంట, ఎవురికీ చెప్పొద్దంటాడు."

రెండోసారి ఇరుకు భయానికి మాకు తెలిసిన వైద్యమంతా చేశాం. లోపల దీపం, ఫ్యాను, కళ్ళమీద మెత్తటి గుడ్డ. గుడ్డ వద్దంటే బయటి గది కనిపించేలా కాయిల్ మీద చిన్న అద్దం. కళావతి పక్కనే నిలబడి కాలు పట్టుకుంది. ఫలితం అదే. మత్తు ఇచ్చి తీద్దామంటే మత్తు డాక్టరు ఛాతీ ఎక్స్‌రే చూసి పెదవి విరిచాడు. ఊపిరితిత్తుల నిండా రాతిధూళి మచ్చలు. "నిద్రపుచ్చడం కష్టం కాదు. మళ్ళీ సొంత ఊపిరి మీదికి తేవడమే కష్టం. ఆపరేషన్‌కి ఎలాగూ ఒకసారి తప్పదు, స్కానుకి కూడా ఇంకోసారి అంటే నేను ఒప్పుకోను" అన్నాడు. బెంగళూరులో పెద్ద ఏర్పాట్లతో చేయించాలి, అక్కడా ప్రమాదం తప్పదు. మా రేడియాలజిస్టు మేడం అక్కడికి ఉత్తరం రాసివ్వడానికి ఒప్పుకుంది. దాని కోసమే తండ్రీ కూతుళ్ళు మా వరండాలో కూర్చున్నారు.

సరిగ్గా అప్పుడే సీనన్న టీ తాగుతూ ఫోను తీశాడు. అది ఆయన రోజువారీ కార్యక్రమం. "పరిశోధనలో తేలింది" అని ఎక్కడ కనబడ్డా పైకి చదవాలి, వరండాలో ఉన్నవాళ్ళు తీర్పు చెప్పాలి. కాఫీ మంచిదని ఒక రోజు, చెడ్డదని ఒక రోజు. ఆవులు మనుషుల ముఖాలు గుర్తుపడతాయని చదివిన రోజయితే వరండా అంతా పగలబడి నవ్వింది, అది కనుక్కోవడానికి పరిశోధన కావాల్నా అని.

"ఇది వినండప్పా. భయం గురించి కొత్తగా ఏమేమో కనుక్కుంటా ఉండారంట. దాంట్లో ఎలుకల సంగతి ఒకటి రాసినారు. షాక్ కొట్టే ముందు గుర్తు చూపించి కొడితే ఎలుకలకి కడుపులో పుండ్లు తక్కువంట. చెప్పకుండా కొడితే ఎక్కువంట."

నడుమునొప్పి స్కానుకు వచ్చిన క్యాసంబళ్ళి రైతు ఒకావిడ వెంటనే అందుకుంది. "షాక్ కొట్టేదే తప్పు కదప్పా. చెప్పి కొడితే ఏంది, చెప్పకుండా కొడితే ఏంది?"

"అట్ల కాదమ్మా. ఎప్పుడొస్తాదో తెలిస్తే మిగతా టైములో నిమ్మళంగా ఉండొచ్చు. తెలీకపోతే ఇరవైనాలుగు గంటలూ భయమే."

"ఎలుక కడుపులో పుండు ఉండేది వాళ్ళకెట్ల తెలిసింది?"

"కోసి చూసింటారు."

"అయ్యో, దాని గతి! చెప్పి కొట్టి, మళ్ళా కోసినారా?"

అందరూ నవ్వారు. ఆ నవ్వుల మధ్య, అన్ని రోజుల్లో మొదటిసారిగా మునిరత్నం తాత తనంతట తాను మాట్లాడాడు.

"ఎలుకకి ఎవురూ చెప్పక్కర్లే. మాకే అది చెప్పేది."

"ఏం చెప్తాది తాతా?" అన్నాడు సీనన్న.

"లోపల పని చేస్తా ఉంటాము. ఉన్నట్టుండి నెత్తిమీద రాయి టక్కుమంటాది. ఇంగోసారి టక్కు. రాయి లోపల ఎవురో సుత్తితో కొట్టినట్ల. ఆ చప్పుడుకి ఎలుకలు ముందు పరుగెత్తేవి. ఎలుక పరుగెత్తితే మనం పనిముట్టు యాడిది ఆడనే ఇడిసి పరుగెత్తాల. ఏమా అని నిలబడి చూసినోడు మళ్ళా పైకి రాలే. ఏర్ బ్లాస్ట్ అంటాము దాన్ని. రాయే పగిలి మనుషుల మీదికి దూకుతాది."

నా చేతిలో టీ చల్లారిపోతోంది. నా కళ్ళ ముందు రెండు స్కానులూ తిరుగుతున్నాయి. లోపల చప్పుడు లేనంతసేపూ ఆయన హాయిగా పడుకునే ఉన్నాడు. కాయిల్ బిగించినా, సొరంగంలోకి పోయినా కదల్లేదు. ఆ చప్పుడు దెబ్బలు మొదలయ్యాకే బయటికి గింజుకున్నాడు, రెండుసార్లూ.

అంతమంది ముందు నేను నోరు తెరవడం అదే మొదలు. "తాతా, మా మెషీన్ చప్పుడు..."

ఆయన నావైపు తిరిగాడు. "అదే చప్పుడు పాపా. అచ్చం అదే. ఇది ఆస్పత్రి అని నాకు తెలుసు. నా ఒంటికి తెలీదు."

"ఇన్ని దినాలు చెప్పొచ్చు కదా నాయనా!" అంది కళావతి.

"ఎవురన్నా అడిగితిరా? అందరూ ఇరుకు ఇరుకు అని దీపాలు పెట్టితిరి, ఫ్యాన్లు పెట్టితిరి. ఇరుకు నాకు కొత్తా?"

అప్పుడు అర్థమైంది. ఆయనది పిరికితనం కాదు. ఆ చప్పుడు వింటే పరుగెత్తమని ఆయన ఒళ్ళు నేర్చుకుంది, ఆ చదువే ఆయన్ని ఇన్నేళ్ళు బతికించింది. మేము చేస్తున్నదల్లా ఆ చప్పుడు తల పక్కనే మోగించి, కదలకుండా పడుకోమనడం.

మేడం గది తలుపు దగ్గర కాసేపు నిలబడి, తర్వాత లోపలికి వెళ్ళాను. చప్పుళ్ళు ముందే ఇంట్లో వినిపించి అలవాటు చేద్దామని, ప్రతి సీక్వెన్స్‌కూ ముందు నేనే చెప్తానని, ఒక్క అవకాశం ఇవ్వమని అడిగాను. స్కానుకు ముందు చప్పుళ్ళు వినిపిస్తే భయం తగ్గుతుందని నేను చదివినదీ చెప్పాను. మేడం ఉత్తరం మీద సంతకం పెట్టబోతున్న పెన్ను ఆపింది. "చిన్నపిల్లలకి చేస్తారు అలా. పెద్దవాళ్ళకి మనమే చెయ్యం, ఎందుకో" అంది. "వచ్చే వారం పెట్టుకో. అదీ కాకపోతే బెంగళూరే. ఇంక ఆలస్యం చెయ్యలేం."

మెడకు కావలసిన సీక్వెన్సులు ఏవో ఖాయం చేసుకుని, కంట్రోల్ గదిలోని స్పీకరు దగ్గర ఫోను పెట్టి ఒక్కొక్కటే రికార్డు చేశాను. కళావతికి పంపించాను. ఆదివారం నేనే ఆండర్సన్‌పేట వెళ్ళాను. గని కార్మికులకు కట్టిన వరస ఇళ్ళు అవి, లైన్లు అంటారు. ఒక ఇంట్లో దగ్గితే నాలుగిళ్ళకు వినిపిస్తుంది. కాబట్టి మా మెషీన్ చప్పుడు లైనంతటికీ వినిపించింది. నేను వెళ్ళేసరికి తాత వాకిట్లో కుర్చీలో ఉన్నాడు. చుట్టూ ఆయన ఈడు మనుషులు నలుగురైదుగురు, బ్లూటూత్ స్పీకరు ముందు పెట్టుకుని పంచాయితీ.

"డేయ్ మునిరత్నం, ఇది జాక్‌హామర్ రా" అంటున్నాడు పక్కింటి ఆరోగ్యసామి.

"నీ మొహం. రాయి తొలిచే జాక్‌హామర్ ఇంత బిడియంగా కొడతాదా? ఇది కంప్రెసర్ కాడ బెల్టు తెగినప్పటి చప్పుడు."

"అయితే ఆస్పత్రోళ్ళ బెల్టు తెగిండాది, పోయి చెప్పు."

నవ్వుల్లోనే ఒక్కో చప్పుడుకూ పేరు పడింది. ఒకటి గనిలో పట్టాల మీద నడిచే లోకో బండి. ఒకటి రాయి ఎత్తే బకెట్టు. గట్టిగా టక్ టక్ మని కొట్టే సీక్వెన్స్ దగ్గర మాత్రం ఎవరూ నవ్వలేదు. నలుగురి వీపులూ ఒకేసారి నిటారయ్యాయి. ఆరోగ్యసామి చెయ్యి స్పీకరు వైపు పోయి ఆగింది. తాత సగం లేచి నిలబడ్డాడు, లేవలేని కాళ్ళతో.

"చూసినావా పాపా," అన్నాడు ఆరోగ్యసామి మెల్లగా, "వీడొక్కడే కాదు."

తాత కూర్చున్నాడు. ఆ మాట విన్నాక ఆయన ముఖంలో ఏదో సడలింది. లైను తనను చూసి నవ్వదని తెలిసిన సడలింపు అది. "ఇంగోసారి పెట్టమ్మా" అన్నాడు కూతురితో. మళ్ళీ పెట్టింది. మళ్ళీ. సాయంత్రానికి ఆయన చేతులు కుర్చీని పట్టుకునే ఉన్నాయి గానీ ఒళ్ళు లేవలేదు.

"చప్పుడు ఒక్కటే కాదు పాపా," అన్నాడు నాకు టీ ఇప్పిస్తూ. "మీ మెషీను ఎవురికీ చెప్పకుండా మొదలయితాది. గనిలో కేజ్ ఉంటాది, మమ్మల్ని లోపలికి దించే లిఫ్టు. మనుషులు ఎక్కినాక మూడు బెల్లులు కొడతారు. పైన ఇంజిన్ డ్రైవరు తిరిగి మూడు కొట్టినాకే అది కదిలేది. ఒక బెల్లు కొడితే యాడుండేది ఆడ నిలిచిపోవాల. నా బతుకంతా ఆ మూడు బెల్లుల మీదనే కిందికి పోయొచ్చినా. చెప్పకుండా దించినోడు ఒక్కడూ లేడు."

"అయితే మనమూ అట్లే పెట్టుకుందాం తాతా" అన్నాను. "నేను మైకు మీద మూడుసార్లు తడతాను. మీరు బుడగ మూడుసార్లు నొక్కండి. అప్పుడే మొదలుపెడతాను. మధ్యలో ఒక్కసారి నొక్కితే ఆపేస్తాను."

"ఆపుతావా?"

"ఆపుతాను."

ఆయన నన్ను చాలాసేపు చూశాడు. మాట ఇచ్చి తప్పినవాళ్ళను ఎక్కువమందినే చూసిన చూపు.

స్కాన్ రోజు కంట్రోల్ గదిలో మేడం, సీనన్న, కళావతి ముగ్గురూ నా వెనకే నిలబడ్డారు. రికార్డు గొంతును ఆపేశాను. మైకు నొక్కాను. గోటితో తట్టాను. టక్, టక్, టక్.

"తాతా, ఇది లోకో బండి. నాలుగు నిమిషాలు."

బజర్ మోగింది, మూడుసార్లు. మీట నొక్కాను.

లోకో బండి పూర్తయింది. తాత కదల్లేదు. తెర మీద మెడ ఎముకలు ఒకదాని కింద ఒకటి, గీత గీసినట్టు. రెండోది కూడా అయింది. మూడోది అసలైనది, ఆ టక్ టక్. తట్టాను, చెప్పాను, ఆయన మూడు కొట్టాడు, మొదలైంది. సగం దాటింది. అప్పుడు బజర్ ఒక్కసారి మోగింది.

ఇంకో రెండు నిమిషాలు ఆగితే అయిపోయేది. "ఉండు పాపా, ఇంకొంచెమే కదా" అన్నాడు సీనన్న. నా వేలు అప్పటికే ఆపేసింది. తీసిన సగమూ వృథా అయింది. మైకు నొక్కాను.

"ఏమైంది తాతా?"

"ఏం లే పాపా," స్పీకరులోంచి ఆయన గొంతు తాపీగా వచ్చింది. "ఆపుతావో లేదో చూసినా. ఇంగ కొట్టుకో."

కళావతి నెత్తి కొట్టుకుంది. "నాయనా, నీకు పుణ్యముంటాది!" మేడం నవ్వు ఆపుకోలేక గోడవైపు తిరిగింది. నేను మళ్ళీ మూడు తట్టాను. ఆయన మూడు కొట్టాడు. ఆ తర్వాత ఆ టక్కుటక్కుల కింద మునిరత్నం తాత రాయిలా పడుకున్నాడు.

అంతా అయిందనుకుంటుంటే మేడం తెర దగ్గరికి వంగింది. "ఇక్కడ ఇంకో కోణంలో కావాలి. ఇంకో సీక్వెన్స్ వెయ్యి." అది నేను రికార్డు చేసి పంపనిది. చెప్పకుండా వేసేస్తే? ఆ ఆలోచన వచ్చినందుకే నాకు సిగ్గేసింది. మైకు నొక్కాను.

"తాతా, ఇంకోటి కావాలంట. ఇది మీరు విననిది."

"ఎట్లుంటాది?"

"అది... కొంచెం గరగరమంటుంది."

"గరగర అంటే ఎట్ల? నోటితో చెప్పు పాపా."

వెనక ముగ్గురు మనుషులు. తరగతిలో హాజరు పలకడానికి కూడా గొంతు రాని పిల్లను నేను. కళ్ళు మూసుకుని మైకు దగ్గరికి వంగి, "గుర్ర్ర్... టడటడటడ... గుర్ర్ర్" అన్నాను.

స్పీకరులో ముందు దగ్గు, తర్వాత నవ్వు. "అదా! అది మా ఆరోగ్యసామి గురక. పెట్టు, పెట్టు." బజర్ మూడుసార్లు మోగింది.

చివరి బొమ్మ తెర మీదికి వచ్చేసరికి సీనన్న నా భుజం తట్టి టీ తేవడానికి వెళ్ళాడు. మేడం తెరమీద వేలు పెట్టి చూపించింది. వెన్నుపాము రెండుచోట్ల సన్నబడి నొక్కుకుపోయి ఉంది, ఒక్క మసక లేకుండా కనిపిస్తోంది. "ఇంత శుభ్రమైన మెడ బొమ్మ ఈ నెలలో చూళ్ళేదు" అంది. ఆ రోజు డైరీలో రాసుకున్నది ఒకే వాక్యం. తాత కదల్లేదు.

ఆ వారంలోనే బెంగళూరులో, పెద్ద ఏర్పాట్ల మధ్య ఆపరేషన్ అయింది; మత్తులోంచి తాత సొంత ఊపిరి మీదికి వచ్చాడు.

ఆ కేసు తర్వాత నా పనిలో ఒకటి మారింది. స్కానుకు ముందు ప్రతి ఒక్కరికీ చప్పుళ్ళు వినిపిస్తాను. "భయమా?" అని అడగను, అలా అడిగితే లేదనే అంటారు. "ఇది వింటే మీకు ఏం గుర్తొస్తుంది?" అని అడుగుతాను. ఒకరు బోరు వేసే బండి అంటారు, నీళ్ళు పడని బోరు గుర్తొచ్చి నిట్టూరుస్తారు. ఒకరు రాగులు కొట్టే మెషీన్ అంటారు. ఒకావిడ తన పెళ్ళి డప్పులు అంది. జవాబును బట్టి ఎవరిని ఎలా పడుకోబెట్టాలో తెలిసిపోతుంది. భయం గురించిన పరిశోధనలు ఇప్పటికీ వెతికి చదువుతాను. అవి నాకు దారి చూపిస్తాయి. కానీ ఒక మనిషి దేనికి భయపడుతున్నాడో ఆ మనిషే చెప్పాలి. దానికి మనం ముందు అడగాలి. గొంతు పూడుకుపోయినా సరే.

తర్వాతి ఏడు వేసవిలో తాత మళ్ళీ పరీక్షకు వచ్చాడు. నేను వరండా చివర నిలబడి ఉన్నాను. గేటు దగ్గర ఆటో ఆగింది. ముందు ఆయన దిగాడు, చొక్కా గుండీలు ఒక కాజా తప్పినా, తానే పెట్టుకుని. కళావతి ఆటో అతనితో మాట్లాడి తలెత్తేలోపు ఆయన సగం దూరం వచ్చేశాడు.

"నాయనా, నిదానం! నేనొస్తా ఉండు!" అని అరుస్తోంది ఆమె, సంచి పట్టుకుని వెనక పరుగెత్తుతూ.

ఆయన ఆగలేదు.